లాపులాపు: మక్టాన్ యోధుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వైద్య విద్య కోసం తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో విద్యార్థులు ఫిలిప్పీన్స్ వెళుతున్నారు. అక్కడ దిగిన కొద్ది రోజులకే వారికి ఒక పేరు పదే పదే ఎదురవుతుంది. పోలీసు శాఖ చిహ్నం మీద ఉన్న యోధుడు ఆయనే, మనీలా పార్కులోని నిలువెత్తు విగ్రహం ఆయనదే, ఒక నగరం పేరు ఆయనదే, చివరికి చేపల బజారులో అమ్మే చేప పేరు కూడా అదే. ఇన్నిచోట్ల కనిపించే మనిషి గురించి సమకాలీన రికార్డులో ఉన్నది మాత్రం చాలా కొద్ది. ఆ కొద్దిపాటి రికార్డు ఏం చెబుతోందో, దాని చుట్టూ జనం ఏం అల్లుకున్నారో వేరువేరుగా చూపడానికి ఈ ప్రశ్నలు, జవాబులు.

లాపులాపు ఎవరు?

ఫిలిప్పీన్స్ మధ్య భాగంలోని దీవుల సముదాయాన్ని విసాయాస్ అంటారు. వాటిలో సెబూ పొడవాటి పెద్ద దీవి. దాని తూర్పు తీరానికి ఎదురుగా, సన్నని జలసంధికి అవతల, మక్టాన్ అనే చిన్న పగడపు దీవి ఉంది. 1521లో ఆ దీవిలోని పెద్దల్లో ఒకరు లాపులాపు. అటువంటి పెద్దలను అక్కడి భాషల్లో ‘దాతు’ అంటారు. ఆ ఏడాది ఏప్రిల్ 27 ఉదయం, స్పెయిన్ రాజు తరఫున వచ్చిన ఫెర్డినాండ్ మాగెల్లాన్ తన సైనికులతో మక్టాన్ తీరంలో దిగినప్పుడు, లాపులాపు మనుషులు వారిని ఓడించారు. మాగెల్లాన్ ఆ నీళ్లలోనే ప్రాణం విడిచాడు. ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి నావికుడు మాగెల్లాన్ అని చాలామంది అనుకుంటారు గానీ, ఆ ప్రయాణాన్ని అతను పూర్తి చేయలేకపోయాడు. కారణం ఈ ఒక్క ఉదయమే.

ఆయన గురించి తెలిసినదంతా ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రధానంగా ఒకే మనిషి రాత నుంచి వచ్చింది. ఆంటోనియో పిగాఫెట్టా ఇటలీలోని విచెంజా పట్టణానికి చెందినవాడు. మాగెల్లాన్ ఓడల్లో ప్రయాణిస్తూ చూసినవన్నీ రాసిపెట్టుకున్నాడు. మక్టాన్ పోరులో స్వయంగా పాల్గొన్నాడు, ముఖానికి విషపు బాణం తగిలి గాయపడ్డాడు, ప్రాణాలతో స్పెయిన్ చేరుకున్న కొద్దిమందిలో ఒకడయ్యాడు. మిగతా నావికుల నుంచి వచ్చిన వివరాలు కూడా కొన్ని ఉన్నాయి గానీ, యుద్ధాన్ని గడియ గడియకూ చెప్పినది పిగాఫెట్టా ఒక్కడే.

ఈ సంగతిని చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి. గెలిచినవారి మాట మనకు అందలేదు, ఓడినవారి మాట అందింది. పైగా పిగాఫెట్టాకు మాగెల్లాన్ అంటే అపారమైన భక్తి. తన నాయకుడు చనిపోయిన చోట అతన్ని తమ అద్దమనీ, తమ వెలుగనీ, తమ ఊరట అనీ, తమ నిజమైన మార్గదర్శి అనీ రాసుకున్నాడు. అంత భక్తి ఉన్నవాడు తన నాయకుడి తప్పులను కూడా దాచకుండా రాయడం మన అదృష్టం. లాపులాపు రూపం ఎలా ఉండేదో, వయసెంతో, ఏం మాట్లాడాడో అతను ఒక్క వాక్యంలో కూడా చెప్పలేదు. పేరు చెప్పాడు, స్పెయిన్ రాజుకు తలవంచనన్నాడని చెప్పాడు, అంతే. ఈనాడు విగ్రహాల్లో కనిపించే కండలు తిరిగిన దేహం, పొడవాటి జుట్టు శిల్పుల ఊహలు.

మాగెల్లాన్ అంత దూరం ఎందుకు వచ్చాడు? అతనికి మన దేశంతో సంబంధం ఉందా?

ఉంది, అదీ కత్తి పట్టిన సంబంధం. మాగెల్లాన్ పుట్టుకతో పోర్చుగీసువాడు. 1505లో పోర్చుగీసు వైస్రాయి ఫ్రాన్సిస్కో ద అల్మెయిడా నౌకాదళంతో పాటు భారతదేశానికి వచ్చాడు. 1509లో దియూ దగ్గర జరిగిన నౌకాయుద్ధంలో, 1511లో మలక్కా ముట్టడిలో పాల్గొన్నాడు. మలక్కాలోనే అతనికి ఒక బానిస దక్కాడు. ఎన్రికే అనే పేరు పెట్టిన ఆ మలయ్ యువకుడే పదేళ్ల తర్వాత సెబూలో దుబాసీ అయ్యాడు. పోర్చుగల్ రాజుతో చెడిన తర్వాత మాగెల్లాన్ స్పెయిన్ కొలువులో చేరి, పడమటి దిక్కుగా వెళ్లి లవంగాలు, జాజికాయ పండే మలుకు దీవులను చేరతానని మాట ఇచ్చాడు. కొత్తగా కనుగొన్న దీవుల మీద పాలనాధికారమూ, ఆదాయంలో వాటా ఉంటాయని ఒప్పందం రాయించుకున్నాడు. మక్టాన్ తీరంలో అతను చూపిన తొందరకు మతావేశంతో పాటు ఈ కాగితం కూడా కొంత కారణమని నా అభిప్రాయం.

1519 సెప్టెంబరులో 5 ఓడలతో బయలుదేరిన ఆ దండు 1521 ఏప్రిల్ 7న సెబూ రేవుకు చేరేసరికి 3 ఓడలే మిగిలాయి: ట్రినిడాడ్, కన్సెప్సియోన్, విక్టోరియా. రేవులోకి వచ్చే ప్రతి ఓడా సుంకం కట్టాలని సెబూ రాజు హుమబోన్ కబురు పంపాడు. అప్పుడు అక్కడే ఉన్న, సియాం (నేటి థాయిలాండ్) నుంచి వచ్చిన ఒక ముస్లిం వర్తకుడు రాజును హెచ్చరించాడు. కాలికట్‌ను, మలక్కాను, హిందూ దేశాన్నంతా జయించినవారు వీళ్లేనని, వీళ్లతో జాగ్రత్తగా ఉండమని చెప్పాడు. పాపం, ఆ వర్తకుడికి రెండు పొరపాట్లు దొర్లాయి. వచ్చినవారు పోర్చుగీసు రాజు మనుషులు కారు, స్పెయిన్ రాజు మనుషులు. కాలికట్‌ను ఎవరూ జయించనూ లేదు. 1510లో దాని మీద దాడికి వెళ్లిన పోర్చుగీసు సేనాని కుటిన్హో అక్కడి పాలకుడు జామొరిన్ మనుషుల చేతిలో హతమయ్యాడు. అయినా భయం పనిచేసింది, సుంకం మాట మళ్లీ వినిపించలేదు.

అక్కడి పెద్దలను రాజా అని ఎందుకు పిలుస్తారు?

హుమబోన్ పేరుకు ముందు వాడే ‘రాజా’ సంస్కృతం నుంచి మలయ్ దీవుల మీదుగా అక్కడికి చేరిన మాటే. అయితే ఆ మాట వినగానే మనకు మెదిలే రాజ్యం, కోట, సైన్యం అక్కడ లేవు. 30 నుంచి 100 దాకా ఇళ్లుండే ఊరును ‘బారంగాయ్’ అనేవారు. పడవకు పేరైన ‘బలంగాయ్’ నుంచే ఆ మాట వచ్చింది. ఒక పడవలో వచ్చి స్థిరపడిన బంధుకోటి ఒక ఊరైందన్నమాట. ఆ ఊరికి పెద్ద దాతు. ఒక దాతు మరొక దాతుకు సామంతుడు కాడు. వియ్యం, వాణిజ్యం, దాడి, పగ, మళ్లీ సంధి, వీటితోనే వారి మధ్య హెచ్చుతగ్గులు నిర్ణయమయ్యేవి. మంచి రేవు చేతిలో ఉన్నవాడికి ఎక్కువ సంపద, ఎక్కువమంది మిత్రులు ఉండేవారు. హుమబోన్ గొప్పతనం అటువంటిది. గొడవంతా ఇక్కడే మొదలైంది.

అయితే హుమబోన్‌కూ లాపులాపుకూ తగవేమిటి?

ఏప్రిల్ 14న హుమబోన్ క్రైస్తవం పుచ్చుకుని, స్పెయిన్ రాజు పేరే తన పేరుగా డాన్ కార్లోస్ అయ్యాడు. అతని భార్యకు హువానా అని పేరు పెట్టి, బాల యేసు ప్రతిమను కానుకగా ఇచ్చారు. తర్వాతి రోజుల్లో వందల మంది బాప్తిస్మం తీసుకున్నారు. మాగెల్లాన్ అక్కడితో ఆగలేదు. చుట్టుపక్కల దాతులంతా హుమబోన్‌ను తమ ఏలికగా ఒప్పుకోవాలనీ, అతని ద్వారా స్పెయిన్ రాజుకు కప్పం కట్టాలనీ ఆజ్ఞాపించాడు. మాట వినని ఒక ఊరును తగలబెట్టించాడు. ఐరోపాలో ఒక రాజు కింద సామంతులున్నట్టే ఇక్కడా ఉండాలని అతను అనుకున్నాడు. నిన్నటిదాకా తమతో సమానుడైనవాడికి నేడు దండం పెట్టమంటే ఆ దాతులకు ఎలా ఉంటుందో అతనికి తట్టలేదు. హుమబోన్‌కు మాత్రం ఇది అయాచితంగా వచ్చిన అవకాశం.

మక్టాన్‌లోని ఇద్దరు పెద్దల పేర్లు పిగాఫెట్టా చెప్పాడు. ఒకరు జులా, మరొకరు లాపులాపు. ఏప్రిల్ 26న జులా తన కొడుకు చేత రెండు మేకలు పంపాడు. ఇంకా పంపేవాడినే గానీ లాపులాపు అడ్డుపడుతున్నాడనీ, మరుసటి రాత్రికి ఒక పడవ నిండా సైనికులను పంపితే అతని పని పడదామనీ కబురు చేశాడు. అడిగింది ఒక్క పడవ. మాగెల్లాన్ మూడు పడవలు సిద్ధం చేసి, వెళ్లవద్దని తనవారు ఎంత బతిమాలినా వినకుండా, తానే నాయకుడై బయలుదేరాడు. ఇది పూర్తిగా స్పెయిన్‌కూ ఫిలిప్పీన్స్‌కూ మధ్య జరిగిన యుద్ధమని చెప్పేవారు ఈ మేకల సంగతిని దాటవేస్తుంటారు. ఇరుగుపొరుగు దాతుల పోటీలోకి పరాయివాడు తలదూర్చిన వైనం కూడా ఇందులో ఉంది. అంతమాత్రాన లాపులాపు నిరాకరణ విలువ తగ్గదు. పొరుగువారు లొంగిన వారంలోనే ఆయన లొంగనన్నాడు.

1521 ఏప్రిల్ 27న యుద్ధం ఎలా జరిగింది?

అర్ధరాత్రి వేళ కవచాలు, శిరస్త్రాణాలు ధరించిన 60 మంది సైనికులు బయలుదేరారు. వారి వెంట హుమబోన్ తన మనుషులతో 20, 30 పడవల్లో వచ్చాడు. తెల్లవారడానికి మూడు గంటల ముందే మక్టాన్ చేరారు. మాగెల్లాన్ అప్పటికప్పుడు దాడి చేయలేదు. స్పెయిన్ రాజుకు లోబడి, హుమబోన్‌ను ఏలికగా ఒప్పుకుని, కప్పం కడితే స్నేహంగా ఉంటామనీ, కాదంటే మా బల్లేలు ఎలా గాయపరుస్తాయో చూస్తారనీ కబురు పంపాడు. మీకు బల్లేలుంటే మాకూ నిప్పులో కాల్చి గట్టిపరచిన వెదురు బల్లేలు, కొయ్యలు ఉన్నాయని అవతలి నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబుకు ఒక తోక కూడా ఉంది. ఇంకా కొందరు మనుషులు రావలసి ఉంది కాబట్టి తెల్లవారేదాకా దాడి చేయవద్దని కోరారు. ఇళ్ల మధ్య గోతులు తవ్వి ఉంచారనీ, చీకట్లోనే తమను రప్పించి వాటిలో పడేయడానికే ఆ మాట అన్నారనీ పిగాఫెట్టా అర్థం చేసుకున్నాడు.

తెల్లవారింది. అది శనివారం, మాగెల్లాన్‌కు ప్రత్యేకంగా పవిత్రమైన వారం, అందుకే ఆ రోజును కోరి ఎంచుకున్నాడట. వారం చూసుకున్నాడు గానీ నీటి లోతు చూసుకోలేదు. తీరం పొడవునా రాళ్లు ఉండడంతో పడవలు ఒడ్డుకు రాలేకపోయాయి. 49 మంది తొడల్లోతు నీటిలోకి దూకి, రెండు బాణపు వేట్లకు మించిన దూరం నడవవలసి వచ్చింది. మిగిలిన 11 మంది పడవలకు కాపలా ఉన్నారు. పడవల మీది చిన్న ఫిరంగులు అంత దూరం నుంచి ఏమీ చేయలేకపోయాయి. హుమబోన్ మనుషులను మాత్రం మాగెల్లాన్ కదలవద్దన్నాడు. మేము ఎలా పోరాడతామో మీరు పడవల్లో కూర్చుని చూడండి అన్నది అతని ఆదేశం.

ఒడ్డున మూడు దళాలుగా నిలిచినవారు కేకలు పెడుతూ రెండు పక్కల నుంచీ, ఎదురుగానూ వచ్చిపడ్డారు. తుపాకులవారు, క్రాస్‌బోలవారు (మీట నొక్కితే బాణం వదిలే విల్లు పట్టినవారు) దూరం నుంచే దాదాపు అరగంట కాల్చారు. గుళ్లు, బాణాలు పలుచని చెక్క డాళ్లను తూట్లు పొడిచాయే గానీ మనుషులను పడగొట్టలేకపోయాయి. కాల్చడం ఆపమని మాగెల్లాన్ అరిచినా ఎవరూ వినిపించుకోలేదు. తుపాకి మోత వల్ల పెద్ద హాని లేదని గ్రహించిన మక్టాన్ మనుషులకు ధైర్యం వచ్చింది. ఒక్కచోట నిలబడకుండా అటూ ఇటూ దూకుతూ బాణాలు, వెదురు ఈటెలు, కాల్చిన కొయ్యలు, రాళ్లు, చివరికి బురద కూడా విసిరారు. వారిని భయపెట్టడానికి మాగెల్లాన్ ఇళ్లకు నిప్పు పెట్టించాడు. 20, 30 ఇళ్లు కాలేసరికి వారి కోపం రెట్టింపైంది. ఛాతీకి కవచం, తలకు ఇనుప టోపీ ఉన్నవారి కాళ్లకు ఏ రక్షణా లేదని కనిపెట్టి, కాళ్ల మీదే గురిపెట్టారు. మాగెల్లాన్ కుడి కాలికి విషపు బాణం తగిలింది. మెల్లగా వెనక్కి తగ్గమని అతను ఆజ్ఞ ఇచ్చాడు గానీ, ఆరేడుగురు తప్ప అందరూ పరుగు లంకించుకున్నారు.

గంటకు పైగా ఆ కొద్దిమంది మోకాలి లోతు నీటిలో నిలిచి పోరాడారు. మాగెల్లాన్ శిరస్త్రాణం రెండుసార్లు ఊడిపడింది. ముఖం మీద ఈటె విసిరినవాణ్ణి తన బల్లెంతో పొడిచాడు, ఆ బల్లెం అక్కడే ఉండిపోయింది. కత్తి దూయబోతే అప్పటికే చేతికి గాయమై ఉండడంతో ఒరలో నుంచి సగమే వచ్చింది. అది చూసి అందరూ ఒక్కసారిగా మీదపడ్డారు. ఒకడు పెద్ద వంపు కత్తితో ఎడమ కాలిని నరికాడు. అతను బోర్లా పడ్డాడు. తనవారంతా పడవలెక్కారా లేదా అని ఆ స్థితిలోనూ పలుమార్లు వెనక్కి తిరిగి చూశాడని పిగాఫెట్టా రాశాడు.

మాగెల్లాన్‌ను లాపులాపే స్వయంగా చంపాడా?

చిత్రాలలో, నాటకాలలో, ఏటేటా జరిగే ప్రదర్శనలో అలాగే చూపిస్తారు. ఇద్దరు నాయకులు ఎదురెదురుగా నిలిచి తలపడితే చూడడానికి బాగుంటుంది. పిగాఫెట్టా కథనంలో మాత్రం చంపినవారు పేరు లేని ఒక గుంపు. కాలు నరికినవాడి పేరు లేదు, లాపులాపు అక్కడ కత్తి పట్టి నిలిచినట్టు కూడా లేదు. నిజానికి ఆయన ఘనత కత్తి వేటులో కంటే వ్యూహంలోనే కనిపిస్తుంది. పడవలు రాలేని తీరం, తవ్వి ఉంచిన గోతులు, మూడు వైపుల నుంచి చుట్టుముట్టిన దళాలు, కాళ్ల మీద గురి, ఇవన్నీ ముందే ఆలోచించుకున్నవారి పని. ఆ పెద్ద వంపు కత్తి ‘కంపిలాన్’ అని చాలామంది చెబుతారు. అందుకే విగ్రహాలలో ఆయన చేతికి అదే ఇచ్చారు.

49 మంది మీద 1500 మంది అంటే అది వీరత్వం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ముందుగా పిగాఫెట్టా చెప్పిన 1500 అన్న అంకెను కాస్త అనుమానించాలి. ఓడినవాడు అవతలివారిని ఎక్కువగా లెక్కపెట్టడం ఏ దేశంలోనైనా ఉన్నదే. పైగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న మనిషి తలలు లెక్కపెట్టలేడు. రెండోది, ఆ 49 మంది వెనుక ఉన్నది ఇనుము, తుపాకి, ఫిరంగి. అవతలివైపు ఉన్నది చాలావరకు వెదురు. చనిపోయినవారి లెక్క చూస్తే యుద్ధం చిన్నదే. మాగెల్లాన్ కాక 7గురు సైనికులు, క్రైస్తవం తీసుకున్న 4గురు స్థానికులు అటువైపు, సుమారు 15 మంది మక్టాన్ వైపు. ఆ 4గురూ పోయింది మిత్రుల చేతిలోనే. ఆదుకోవడానికి ముందుకు వచ్చినప్పుడు పడవల మీది ఫిరంగి గుళ్లు వారికే తగిలాయి.

యుద్ధం తర్వాత ఏమైంది?

ఆ మధ్యాహ్నమే హుమబోన్ మక్టాన్‌కు కబురు పంపాడు. మాగెల్లాన్ శవాన్ని, మిగతా శవాలను ఇస్తే ఎంత సరుకు కావాలంటే అంత ఇస్తామన్నాడు. ప్రపంచంలోని సంపదంతా ఇచ్చినా ఇవ్వమని, గుర్తుగా ఉంచుకుంటామని జవాబు వచ్చింది. మాగెల్లాన్ దేహం ఆ తర్వాత ఎన్నడూ దొరకలేదు. స్పెయిన్‌లో గాని, పోర్చుగల్‌లో గాని అతనికి సమాధి లేదు.

మే 1న హుమబోన్ ఎదురు తిరిగాడు. స్పెయిన్ రాజుకు పంపే ఆభరణాలు సిద్ధమయ్యాయని విందుకు పిలిచి, వచ్చిన 20 మందికి పైగా నావికులను చంపించాడు. మాగెల్లాన్ చనిపోతే విడుదల చేయాలని రాసి ఉన్నా తనను విడిచిపెట్టలేదన్న కోపంతో దుబాసీ ఎన్రికే ఈ కుట్రలో చేయి కలిపాడని పిగాఫెట్టా ఆరోపణ. బాణం గాయంతో ముఖం వాచిపోయి విందుకు వెళ్లలేకపోవడం వల్లే పిగాఫెట్టా బతికాడు. మక్టాన్‌లో ఆ గాయం తగిలి ఉండకపోతే ఈ కథ మనదాకా ఇంత వివరంగా వచ్చేది కాదు. మిగిలినవారికి మూడు ఓడలు నడిపే బలం లేక కన్సెప్సియోన్‌ను తగలబెట్టారు. చివరికి విక్టోరియా ఒక్కటే, హువాన్ సెబాస్టియన్ ఎల్కానో నాయకత్వంలో, 18 మంది ఐరోపావాసులతో 1522 సెప్టెంబరు 6న స్పెయిన్ చేరింది.

లాపులాపు మాత్రం ఆ ఏప్రిల్ 27 తర్వాత రికార్డులో మళ్లీ కనిపించడు. ఆయన విజయం స్పెయిన్‌ను శాశ్వతంగా ఆపలేదు. 44 ఏళ్ల తర్వాత, 1565లో, స్పెయిన్ సేనాని లెగాస్పి దండు సెబూలో దిగింది. హుమబోన్ భార్యకు ఇచ్చిన బాల యేసు ప్రతిమ కాలిన ఇంట్లో వారికి దొరికింది. అప్పటి నుంచి 1898 దాకా స్పెయిన్ పాలన సాగింది.

ఆయన అసలు పేరు లాపులాపేనా?

పిగాఫెట్టా రాసినది ‘సిలాపులాపు’. అక్కడి భాషల్లో వ్యక్తుల పేర్ల ముందు ‘సి’ అనే చిన్న మాట చేరుస్తారు. దాన్ని పేరులో భాగమనుకుని అతను కలిపి రాసేశాడు. 1614 నాటి ఒక స్పానిష్ కవితలో అది ‘కాలి పులాకో’గా మారింది. ఆ తప్పు రూపమే చాలాకాలం నిలిచింది. 19వ శతాబ్దపు జాతీయోద్యమ రచయిత మరియానో పోన్సే ‘కలిపులాకో’ అన్నది తన కలం పేరుగా పెట్టుకున్నాడు. 1898 జూన్ 12 నాటి ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య ప్రకటన పత్రంలో కూడా మక్టాన్ రాజు కలిపులాకో అనే ఉంది. ఇంగ్లీషులో ఈ పేరును మధ్యలో గీత పెట్టి రాయడం వాడుక. 2021 ఉత్సవాల నాటికి ఫిలిప్పీన్స్ జాతీయ చరిత్ర సంఘం గీత లేకుండా ఒకే మాటగా రాయడం మొదలుపెట్టింది.

ఆయన ముస్లిమా?

దక్షిణాన సులూ దీవులవారిలో కొందరు లాపులాపు తమవాడనీ, ముస్లిమనీ చెప్పుకుంటారు. ‘కాలి’ అన్న తప్పు రూపాన్ని ‘ఖలీఫా’తో ముడిపెట్టిన వాదం కూడా ఉంది. రికార్డు ఆ వైపు మొగ్గదు. పిగాఫెట్టా ముస్లింలను విడిగా గుర్తించి పేర్కొనేవాడు, విసాయాస్ ప్రజలను వేరుగా చెప్పాడు. అక్కడివారు ఒళ్లంతా పచ్చబొట్లు పొడిపించుకునేవారు. వృద్ధ స్త్రీలు పూజారులై నాట్యం చేస్తూ పందిని బలి ఇచ్చే తంతును అతను సెబూలో చూసి వర్ణించాడు. పక్కనే ఉన్న మక్టాన్‌లో ఆచారాలు వేరుగా ఉన్నాయనుకోవడానికి ఆధారం లేదు.

జనం చెప్పుకునే కథలు ఏవి?

తల్లిదండ్రుల పేర్లు, భార్య బులక్నా, కొడుకు సవిలి, బోర్నియో నుంచి వచ్చిన వలస, ఇవన్నీ జానపద గాథల్లోనివే. మక్టాన్ జాలరులు చెప్పే కథ వీటన్నిటికంటే అందమైనది. లాపులాపు చనిపోలేదు, రాయిగా మారి ఆ సముద్రానికి కాపలా ఉన్నాడు. చేపల వేటకు వెళ్లేటప్పుడు మనిషి ఆకారంలో ఉన్న ఆ రాయి మీదికి నాణేలు విసిరి, ఆయన ఏలుబడిలో వల వేయడానికి అనుమతి అడిగేవారట.

ఇంకొక కథ మన ఊళ్లలో పుట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఊరి కూడలిలో మునుపు ఉన్న విగ్రహం చేతిలో క్రాస్‌బో ఉండేది, దాని గురి పురపాలక భవనం వైపు ఉండేది. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు మేయర్లు గుండెపోటుతో పోయారనీ, భయపడి క్రాస్‌బో తీసి కత్తి పెట్టారనీ చెప్పుకుంటారు. వాస్తుకు కట్టుబడిన మనకు దీని తర్కం ఇట్టే అర్థమవుతుంది.

ఆయన ఫిలిప్పీన్స్ అధికారిక జాతీయ వీరుడా?

చాలామంది అవుననుకుంటారు. చిత్రమేమిటంటే, ఆ దేశంలో ఎవరినీ జాతీయ వీరుడిగా ప్రకటించే చట్టమే లేదు. 1993లో అధ్యక్షుడు ఫిదెల్ రామోస్ హయాంలో ఇందుకోసం ఒక సంఘాన్ని వేశారు. అది 1995లో 9 మంది పేర్లను సిఫారసు చేసింది. హోసే రిజాల్, ఆండ్రెస్ బోనిఫాసియో, ఎమిలియో అగినాల్డో, సుల్తాన్ కుదరత్, గాబ్రియెలా సిలాంగ్ వంటివారు అందులో ఉన్నారు, లాపులాపు లేడు. ఆ సిఫారసు మీద కూడా ఏ చర్యా తీసుకోలేదు. ఒకరిని ఒప్పుకుంటే పదిమంది పేర్ల కోసం గొడవలు వస్తాయన్న భయం అందుకు కారణంగా చెబుతారు.

నన్నడిగితే, ఆ 9 మందికీ లాపులాపుకూ ఒక తేడా ఉంది. రిజాల్, బోనిఫాసియోలకు ఫిలిప్పీన్స్ అనే దేశం తెలుసు. లాపులాపుకు తెలియదు. ఆ పేరే ఆయన తర్వాత స్పెయిన్ రాజు ఫిలిప్ గౌరవార్థం పెట్టినది. తన దీవికి మించిన దేశం కోసం ఆయన పోరాడలేదు. దేశం పుట్టిన తర్వాత, తనకొక తొలి వీరుడు కావాలనుకుని, వెనక్కి వెళ్లి ఆయన్ను వెతుక్కుంది.

ఈనాడు ఆయన్ను ఎలా స్మరించుకుంటారు?

మక్టాన్‌లోని ఒపోన్ పట్టణం 1961లో లాపులాపు నగరమైంది. సెబూ వెళ్లేవారు దిగే అంతర్జాతీయ విమానాశ్రయం ఆ నగర పరిధిలోనే ఉంది. 1967 నుంచి వచ్చిన ఒక సెంటిమో నాణెం మీద ఆయన ముఖం ఉండేది. మనీలాలోని రిజాల్ పార్కు విగ్రహాన్ని 2004లో కొరియా సంస్థ ఒకటి బహూకరించింది. ఏప్రిల్ 27ను 2017లో లాపులాపు దినంగా ప్రకటించారు. ఆ రోజుల్లో మక్టాన్ తీరంలో ‘కదౌగన్ స మక్టాన్’, అంటే మక్టాన్ విజయం, పేరుతో ఆ పోరును తిరిగి ఆడి చూపిస్తారు. 500 ఏళ్లు నిండిన 2021లో కేంద్ర బ్యాంకు ఆయన బొమ్మతో 5000 పీసోల స్మారక నోటు విడుదల చేసింది. విదేశాల్లోని ఫిలిప్పీనోలు కూడా ఈ దినం జరుపుకుంటారు. 2025లో కెనడాలోని వాంకూవర్‌లో ఆ ఉత్సవం ముగిసే వేళ ఒక వాహనం జనం మీదికి దూసుకువచ్చి 11 మంది చనిపోవడంతో, ఈ పేరు చాలా దేశాల వార్తల్లోకి విషాదంగా ఎక్కింది.

చేపకు ఆ పేరు ఏమిటి?

రాళ్ల సందుల్లో, పగడపు దిబ్బల్లో మాటు వేసి బతికే గ్రూపర్ చేపను ఫిలిప్పీన్స్‌లో లాపులాపు అనే పిలుస్తారు. ధర ఎక్కువ, రుచి కూడా ఎక్కువే. హోటల్ మెనూలో ఈ పేరు చూసి కంగారుపడవలసిన పని లేదు.

మక్టాన్ వెళితే ఏం చూడవచ్చు?

యుద్ధం జరిగిందని భావించే తీరంలో ఒక స్మారక ఉద్యానం ఉంది. అందులో సుమారు 20 మీటర్ల ఎత్తున లాపులాపు కంచు విగ్రహం నిలిచి ఉంటుంది. దానికి కొద్ది దూరంలోనే స్పెయిన్ పాలకులు 1866లో మాగెల్లాన్ గౌరవార్థం కట్టించిన రాతి స్తంభం ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని ఎవరూ పడగొట్టలేదు. ఈ దీవి గిటార్ల తయారీకి కూడా పేరుపొందింది, తీరిక ఉంటే ఆ పనివారి దుకాణాలు చూడవచ్చు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు మాత్రం ఇక్కడ ప్రభుత్వం పెట్టిన రెండు ఫలకాల గురించి తెలుసుకుని వెళ్లాలి. 1941లో, అమెరికా పాలనలో ఉండగా పెట్టినది మాగెల్లాన్ గురించి. లాపులాపు సైనికులతో జరిగిన పోరులో గాయపడి అతను ఇక్కడ మరణించాడని, అతని ఓడల్లో ఒకటి భూమిని చుట్టివచ్చిందని దాని మీద ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో పెట్టిన రెండో ఫలకం అదే చోటు గురించి, అదే తేదీ గురించి చెబుతుంది. దాని మీద లాపులాపు, ఆయన మనుషులు ఇక్కడ స్పానిష్ దురాక్రమణదారులను తిప్పికొట్టి వారి నాయకుడు మాగెల్లాన్‌ను చంపారని ఉంది.